ధవళేశ్వరం గేజీ, ఫిషర్ పూలు

డేటా సైన్సులో చేరిన పిల్లలకు మొదటి నెలలోనే ఒక పువ్వు పరిచయమవుతుంది. దాని పేరు ఐరిస్. మూడు రకాలు, రకానికి 50 చొప్పున మొత్తం 150 పూలు. ఒక్కో పువ్వుకు నాలుగు కొలతలు: రక్షక పత్రం పొడవు, వెడల్పు, ఆకర్షక పత్రం పొడవు, వెడల్పు. ఆ నాలుగంకెలూ చూసి పువ్వు ఏ రకమో చెప్పడం కంప్యూటరుకు నేర్పాలి. మెషిన్ లెర్నింగ్‌కు ఇదే ఓనమాలు. ఆ పూలలో రెండు రకాలు కెనడాలోని గాస్పే ద్వీపకల్పంలో కోసినవి. కొలిచినవాడు ఎడ్గార్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. 1936లో వాటి మీద వ్యాసం రాసి లోకానికి అందించినవాడు ఇంగ్లండులోని రోనాల్డ్ ఫిషర్.

నేను ఉద్యోగ జీవితమంతా గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీల్లో స్టాటిస్టిక్స్ చెప్పాను. ఇప్పుడు రాజమండ్రిలో విశ్రాంతిగా ఉంటున్నాను. సాయంత్రాలు మా వీధి పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వస్తారు, ఆ ఐరిస్ పూలతోనే. "మేడమ్, ఇదంతా అమెరికా నుంచి వచ్చిన చదువు కదండీ" అంటారు. కాదని నాకు తెలుసు. ఈ చదువు వెనక మన డెల్టా చరిత్ర చాలా ఉంది. ఆ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈ వ్యాసం.

గోదావరికి ఆనకట్ట కట్టించింది కాటన్ దొర అని చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఆ ఆనకట్టకు డబ్బు మంజూరు చేయించింది మాత్రం అంకెలు. 1832-33 నాటి డొక్కల కరువు, ఆ చుట్టుపక్కల ఏళ్ల తుపానులు, అనావృష్టి కలిసి రాజమండ్రి జిల్లాను ఖాళీ చేశాయి. 1821లో జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలు. ఇరవయ్యేళ్లలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. చచ్చినవాళ్లు కొందరైతే వలస పోయినవాళ్లు కొందరు. ఈ జిల్లా ఎందుకు దిగజారిందో చూసి రమ్మని పంపితే, హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారి 1844లో లెక్కలతో సహా నివేదిక ఇచ్చాడు. దాని వెంటే ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన వచ్చింది. నదిలో ఎన్ని నెలలు ఎంత నీరు పారుతుంది, ఎన్ని ఎకరాలు తడుస్తాయి, శిస్తు ఎంత పెరుగుతుంది అని కాటన్ లెక్క కట్టి చూపాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టిన ఆ ఆనకట్టకు రాయి, సున్నం ఎంత అవసరమయ్యాయో, కొన్నేళ్ల లెక్కలు ఒకచోట పేర్చి చదివిన ఓపిక కూడా అంతే అవసరమైంది.

అదే కాలంలో మన తీరాన ఇంకొకటి జరిగింది. 1839 నవంబరులో కాకినాడ దగ్గరి కోరంగిని తుపాను ముంచేసింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అప్పుడు బంగాళాఖాతంలో తిరిగిన ఓడల లాగు పుస్తకాలు పోగుచేయడంలో ఉన్నాడు. ఏ గంటకు ఏ ఓడ ఎక్కడుంది, గాలి ఏ దిక్కు నుంచి వీచింది, బారోమీటరు ఎంత పడింది అన్నవి వరసగా పెట్టి తుపాను దారి గీశాడు. గాలి సుడి తిరుగుతూ ముందుకు నడుస్తుందని అలా నిరూపించిన కొద్దిమందిలో అతనొకడు. విడివిడిగా చూస్తే ఆ లాగు పుస్తకాల్లో ఒక్కదానికీ తుపాను మొత్తం ఆకారం తెలియదు. అన్నీ కలిపితేనే తెలుస్తుంది. నా విద్యార్థులకు డేటా అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను కోరంగి పేరే ఎత్తేదాన్ని.

మా నాన్నగారు కరణం. ధాన్యపు రాశిలా కాగితాల కట్టలున్న ఇంట్లో పెరిగాను. సార్వాకు ఒకసారి, దాళ్వాకు ఒకసారి ఆయన పొలాల గట్ల వెంట తిరిగి అడంగల్ రాసేవారు. సర్వే నంబరు, పట్టాదారు పేరు, సాగు చేస్తున్నవాడి పేరు, ఏ కాలువ కింద, ఏ పైరు, ఎంత విస్తీర్ణం. తరువాత రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అజమాయిషీకి వచ్చి కొన్ని నంబర్లు తనకు తోచినట్టు ఎంచి సరిచూసేవాడు. ఏ నంబరు చూస్తాడో ముందు తెలియదు గనుక అన్నీ సరిగా రాయాల్సిందే. నమూనా ఎంపికలో ఉన్న శక్తి ఏమిటో నాకు పుస్తకం చెప్పలేదు, మా నాన్నగారి మొహంలో కంగారు చెప్పింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. ఆ వ్యవస్థలో ఎంత అన్యాయం దాగి ఉండేదో మా ఊరివాళ్లందరికీ తెలుసు, నాకూ తెలుసు. కౌలురైతు పేరు ఆ పుస్తకంలోకి ఎక్కడం ఎంత కష్టమో కళ్లారా చూశాను. లెక్కలోకి రానివాడికి పరిహారం రాదు. ఈ రోజు పిల్లలు రాసే ప్రోగ్రాముల విషయంలోనూ నేను మొదట అడిగేది అదే: ఈ డేటాలో ఎవరు లేరు?

పంట దిగుబడి అంచనాకు పూర్వం అనుభవజ్ఞుల కంటిచూపే ఆధారం. పన్ను తగ్గాలంటే పంట తక్కువ, పేరు రావాలంటే పంట ఎక్కువ. 1930ల చివర బెంగాల్ జనపనార పొలాల్లో మహలనోబిస్, 1940ల్లో వరి, గోధుమ పొలాల్లో సుఖాత్మే, పాన్సే అనే గణాంక శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని మార్చారు. ఇప్పటికీ మన మండలాల్లో గణాంకాధికారులు చేసే పంటకోత ప్రయోగం అక్కడి నుంచే వచ్చింది. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి ఊరు, సర్వే నంబరు ఎంచుతారు. చేలో కూడా మంచి పైరున్న చోటు చూసుకోరు, ఆ పట్టిక చెప్పినన్ని అడుగులు నడిచి అక్కడ గూటాలు దింపుతారు. వరికైతే 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. కోసి, నూర్చి, ఎండబెట్టి తూస్తారు. రైతు పక్కనే నిలబడి "అటు కోయండి బాబూ, ఇక్కడ చేను పడిపోయింది" అని బతిమాలినా, అధికారి కదలకూడదు. మా విద్యార్థులను వరికోతల రోజుల్లో ఈ ప్రయోగం చూడటానికి తీసుకెళ్లేదాన్ని. బురదలో నిలబడి నేర్చుకున్న నమూనా సిద్ధాంతాన్ని వాళ్లు పరీక్షలో ఎప్పుడూ తప్పుగా రాయలేదు.

ఇక మార్టేరు. పశ్చిమ గోదావరిలో వరి పరిశోధన స్థానం అక్కడ 1925లో మొదలైంది. అదే సంవత్సరం ఫిషర్ రాసిన 'స్టాటిస్టికల్ మెథడ్స్ ఫర్ రీసెర్చ్ వర్కర్స్' అచ్చయింది. అతను ఇంగ్లండులో రాథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ కేంద్రంలో పొలాల లెక్కలు చూస్తూ ఆ పద్ధతులు తయారుచేశాడు. ఒకే చేను అంతటా ఒకేలా ఉండదు. బోదె దగ్గర ఒక బలం, మెరక మీద ఒక బలం, పల్లంలో నీరు నిలిచే చోట ఇంకొకటి. కొత్త వంగడం ఎక్కువ పండిందంటే అది విత్తనం గొప్పా, మడి గొప్పా? చేనును బ్లాకులుగా విడదీసి, ప్రతి బ్లాకులోనూ అన్ని రకాలనూ చీట్లు వేసినట్టుగా తలా ఒక మడిలో ఊడ్చి, కొన్నిసార్లు పునరావృతం చేస్తే ఆ రెండూ విడిపోతాయి. ప్రపంచమంతటా వ్యవసాయ పరిశోధన నడిచింది ఈ దారిలోనే. వశిష్ట, మసూరి రకాల సంకరంతో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, తరువాత వచ్చిన విజేత, కాటన్‌దొర సన్నాలు ఈ మడుల్లో నెగ్గి బయటికొచ్చినవే. స్వర్ణ మన డెల్టా దాటి ఒడిశా, బెంగాల్, బీహార్ పొలాల దాకా వెళ్లింది.

మార్టేరులో ఇంకొక పాఠం ఉంది. స్థానంలో నెగ్గిన రకాన్ని వెంటనే విడుదల చేయరు. చిన్నసంచుల్లో మినికిట్లుగా రైతులకిచ్చి వేరు వేరు ఊళ్లలో వేయించి చూస్తారు. శాస్త్రవేత్త కంటి ముందు బాగా పండింది రైతు చేతిలో పండకపోవచ్చు. మెషిన్ లెర్నింగ్‌లో డేటాను రెండు భాగాలు చేసి ఒకదానితో నేర్పడం, దాచి ఉంచిన రెండోదానితో పరీక్షించడం అని ఉంది కదా. చాలామంది పిల్లలు దాన్ని ఒక ఆదేశంగా టైపు చేసి దాటేస్తారు. మార్టేరు గురించి చెప్పాక ఆ దాచి ఉంచిన భాగాన్ని ముందే తొంగి చూడటం ఎందుకు తప్పో వాళ్లే నాకు చెబుతారు.

ఈ కథలో తెలుగువాడి పేరొకటి తలుచుకోకుండా ముందుకు పోలేను. కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920 సెప్టెంబరు 10న బళ్లారి ప్రాంతపు హడగలిలో పుట్టారు. తండ్రిగారి పోలీసు ఉద్యోగం బదిలీల వల్ల గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం తిరుగుతూ చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, 1941లో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న అడిగాడు: అంచనాలో తప్పు ఇంతకంటే తగ్గదని పెద్ద నమూనాలకు ఫిషర్ చెప్పిన హద్దు చిన్న నమూనాలకు ఉంటుందా? రావుగారు ఇంటికి వెళ్లి ఆ రాత్రి కూర్చుని జవాబు రాబట్టారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన ఆ వ్యాసమే క్రామర్-రావు హద్దుకు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతానికి పుట్టిల్లు. సంభావ్యతలకు జ్యామితి రూపం కట్టిన ఆలోచన కూడా అందులోనే ఉంది. ఆ ఆలోచన నేటి న్యూరల్ నెట్‌వర్కులకు నేర్పే పద్ధతుల దాకా వచ్చింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. తరువాత కేంబ్రిడ్జిలో సూడాన్ తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలు చూసే పనికి వెళ్లి, ఫిషర్ దగ్గరే 1948లో డాక్టరేటు పొందారు.

ఐరిస్ పూల మీద ఫిషర్ 1936లో ప్రయోగించిన వర్గీకరణ పద్ధతి రెండు వర్గాలను విడదీయడానికి చేసినది. దాన్ని ఎన్ని వర్గాలకైనా పనికొచ్చేలా 1948లో విస్తరించింది రావుగారు. అంటే మా వీధి పిల్లవాడు ఆ మూడు రకాల పూలనూ ఒకేసారి వేరుచేసే ఆదేశం టైపు చేసినప్పుడు, గూడూరులోనూ నూజివీడులోనూ బడికి వెళ్లిన ఒక తెలుగు పిల్లవాడి ఆలోచనే నడుస్తోంది. ఈ మాట చెప్పినప్పుడు ఆ పిల్లల కళ్లలో వచ్చే వెలుగు కోసమే నేను ఇంకా పాఠాలు చెబుతున్నాను. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ రావుగారిని వరించింది. అదే ఏడు ఆగస్టు 22న, నూట మూడేళ్లు నిండబోతుండగా వెళ్లిపోయారు.

కాకినాడ వైపు నుంచి కూడా ఒక దారి ఉంది. 1946లో విశాఖలో పుట్టి తరువాత కాకినాడకు వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్న వేమూరి వేంకటేశ్వరరావుగారు అమెరికాలో కంప్యూటర్ శాస్త్రం ఆచార్యులయ్యారు. న్యూరల్ నెట్‌వర్కులంటే చాలామందికి పేరైనా తెలియని 1988లో ఆ విషయం మీద ముఖ్యమైన వ్యాసాలను కూర్చి పుస్తకంగా తెచ్చారు. తెలుగులో విజ్ఞానశాస్త్రం రాయడం ఆయన జీవితమంతా మానలేదు. ఆ కాలేజీ 1972లో జె.ఎన్.టి.యు.లో భాగమైంది, 2008లో దానికదే విశ్వవిద్యాలయమైంది.

మా కాలం చదువు సంగతి కాస్త చెప్పాలి. స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్స్ గదిలో బల్లల మీద ఫేసిట్ యంత్రాలుండేవి. పిడి తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. వర్గమూలం కావాలంటే బేసి సంఖ్యలను వరసగా తీసివేస్తూ పోయి, ఎన్నిసార్లు తీశామో లెక్కపెట్టాలి. ఒక సహసంబంధ గుణకం రాబట్టేసరికి భుజం నొప్పి పుట్టేది. గుప్తా, కపూర్ రాసిన లావుపాటి పుస్తకం, క్లార్క్ టేబుల్సు, ప్రాక్టికల్ రికార్డు, అంతే సరంజామా. అంత కష్టపడి తెచ్చిన అంకెను ఊరికే వదలబుద్ధి కాదు. ఇది ఇంత ఎందుకొచ్చింది, ఇందులో ఏ విలువ పెత్తనం చేసింది అని తిరగేసి చూసేవాళ్లం. ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోగా జవాబు వస్తుంది. ఆ వేగం నాకు చాలా ఇష్టం, నేనూ రిటైరయ్యాకే పైథాన్ నేర్చుకున్నాను. కాని తిరగేసి చూసే అలవాటు పోకూడదు.

తరువాత ఇంజనీరింగ్ కాలేజీలు పెరిగాయి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ సెక్షన్లకు పిల్లలు తగ్గారు. నేను పనిచేసిన ఒక కాలేజీలో విద్యార్థులు చాలరని ఆ సెక్షనే తీసేశారు. ఫేసిట్ యంత్రాలు పాత ఇనుముకు పోయాయి. ఆ గదిలో కంప్యూటర్లు పెట్టారు, బాగానే ఉంది, కాని వాటిలో ఏం లెక్క కట్టాలో చెప్పేవాళ్లను వద్దనుకున్నారు. ఇది జరిగిన కొన్నేళ్లకే లోకమంతా డేటా సైన్సు జపం మొదలుపెట్టింది. 2020 తరువాత మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆ పేరుతో బ్రాంచీలు వచ్చాయి. 2006లో ఏర్పడిన నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలో డిగ్రీ పిల్లలకు 2023లో ఒకే మేజరు పద్ధతి వచ్చింది, డేటా సైన్సునే మేజరుగా తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 2015లో తాడేపల్లిగూడేనికి నిట్ వచ్చింది. ఐఐటి మద్రాసు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డిగ్రీని ఇంట్లో కూర్చునే చదవవచ్చు. నా చిన్నతనంలో ఒక అమ్మాయి స్టాటిస్టిక్స్ ఎం.ఎస్సీ. చదవాలంటే వాల్తేరు హాస్టలుకు పంపమని ఇంట్లో ఒప్పించాల్సి వచ్చేది. ఇప్పుడు అమలాపురం అమ్మాయి రోజూ బస్సు మీద వెళ్లి వచ్చే దూరంలోనే ఈ చదువు ఉంది. ఇది చిన్న మార్పు కాదు.

లోటల్లా ఒక్కటే. చదువు ఊరికి వచ్చింది, ఊరు చదువులోకి రాలేదు.

ఊరు చదువులోకి వస్తే ఎలా ఉంటుందో తెలియడానికి, వరదలొచ్చినప్పుడు మేం తరగతిలో చేసిన పని ఒకటి చెబుతాను. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. అక్కడి నీరు ఇక్కడికి రావడానికి సుమారు ఒక రోజు. లంకల్లో చదువు లేని ముసలమ్మ కూడా "భద్రాచలంలో నలభై ఎనిమిది దాటిందంట, పశువుల్ని గట్టెక్కించండ్రా" అంటుంది. అది ఒక అంకె చూసి ఇంకొక అంకెను అంచనా కట్టే ప్రతిగమన సమీకరణమే. నా విద్యార్థులు దినపత్రికల్లో వచ్చిన ఆ రెండు చోట్ల అంకెలనూ కత్తిరించి అతికించి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీసేవారు.

1986 చుక్క ఎప్పుడూ గీతకు దూరంగా, పైన ఒంటరిగా ఉండేది. ఆ ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు, ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులు. "ఇది తీసేస్తే గీత చక్కగా కుదురుతుందండీ మేడమ్" అనేవారు పిల్లలు. పుస్తకాలు కూడా అలాంటి చుక్కల్ని జాగ్రత్తగా చూడమంటాయి. తీయనిచ్చేదాన్ని కాదు. మామూలు ఏడాది గురించి ఎవరికీ మన సాయం అక్కర్లేదు. గట్లు తెగిన ఏడాది కోసమే ఈ లెక్కలన్నీ.

2022 జులైలో మళ్లీ పెద్ద వరద. భద్రాచలంలో 71.3 అడుగులు, ధవళేశ్వరంలో 25 లక్షలు దాటింది. 1986తో పోలిస్తే అక్కడ నాలుగడుగులే తగ్గింది, ఇక్కడ తగ్గుదల దాదాపు పది లక్షలు. ఎందుకు? 2021 జూన్ నుంచి నది పోలవరం స్పిల్‌వే మీదుగా మళ్లింది. దాని ప్రభావం మీద రెండు రాష్ట్రాల మధ్య పెద్ద వాదనే నడిచింది. మట్టానికీ ప్రవాహానికీ సంబంధం తిన్నని గీత కాదన్నదీ నిజమే. రెండు చుక్కలతో తీర్పు చెప్పలేం. కాని ఒకటి ఖాయం: పాత నది మీద నేర్చుకున్న మోడల్‌ను కొత్త నది మీద గుడ్డిగా వాడకూడదు. మెషిన్ లెర్నింగ్‌లో అతి కష్టమైన సమస్యల్లో ఇదొకటి. దీన్ని నేర్చుకోవడానికి ధవళేశ్వరం కంటే మంచి ప్రయోగశాల నాకు తెలియదు.

కాబట్టి మన విశ్వవిద్యాలయాల్లో ఈ పాఠాలు చెప్పే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఇది. ఐరిస్ పూలు తీసేయమనడం లేదు, వాటిలో ఫిషర్, రావుగార్ల చరిత్ర ఉంది, ఆ చరిత్రతో సహా చెప్పండి. దాంతోపాటు ఈ సెమిస్టరులోనే ఒక ఆదివారం పిల్లలకు తలా ఒక స్కేలు ఇచ్చి కడియపులంక నర్సరీలకు తీసుకెళ్లండి. మూడు రకాల మందారాలో, నూరు వరహాలో ఎంచుకుని, రకానికి 50 చొప్పున కొలిపించండి. తడబడతారు, ఒకే పువ్వును ఇద్దరు కొలిస్తే రెండు అంకెలు వస్తాయి, కొలతలో తప్పు అంటే ఏమిటో అక్కడే అర్థమవుతుంది. ధవళేశ్వరం హెడ్‌వర్క్స్ అధికారులను అడిగి నీటిమట్టాలు రాసి ఉంచిన గేజీ రిజిస్టర్లు, మార్టేరు శాస్త్రవేత్తలను అడిగి పాత ప్రయోగాల దిగుబడి పుస్తకాలు కంప్యూటరుకెక్కించే పని ప్రాజెక్టుగా ఇవ్వండి. ఆ కాగితాలకు చెద పట్టకముందే ఈ పని జరగాలి. కొలవడానికి చేతులు కావాలంటే నాకు కబురు చేయండి, వస్తాను.